చాలు అన్నాడా, బాగున్నానన్నాడా

జపానులో, సెందాయ్ ఊరి కుస్తీ రింగులో ఒనోదెర గాకు వెల్లకిలా పడి ఉండగా పోయినవారం మనం ఆగిపోయాం. ఎదుటివాడు తలకిందులుగా ఎత్తి వేస్తే మెడ మీద పడ్డాడు. రిఫరీ నుకాగా మోకాళ్ల మీద వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, "దైజోబు కా?", బాగానే ఉన్నావా అని అడిగాడు. ఒనోదెర పెదవులు కదిలాయి. "మో దైజోబు." నుకాగా లేచి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. ఒనోదెరని మళ్లీ ఎత్తారు, మళ్లీ వేశారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ తరువాత ఏమీ జరగలేదు. అదే దారుణం. అందరూ బస్సెక్కారు, ఇంకో ఊరు వెళ్లారు, ఒనోదెర ఇంకో ఆట ఆడాడు, మళ్లీ బస్సెక్కారు. ఇవాళ హచినోహె ఊరు. లీగులో ఆఖరి రాత్రి. ఒనోదెరకీ, అతని చేతుల మీద తయారైన కుదాకా రెయికీ పాయింట్లు సమానంగా ఉన్నాయి. ఇవాళ ఇద్దరూ ఒకరితో ఒకరు తలపడతారు. గెలిచినవాడు ఆదివారం తోక్యోలో, అవతలి లీగులో నెగ్గిన త్సుకినోకి అనేవాడితో ఫైనల్ ఆడతాడు. ఆ గెలిచేవాడు కుదాకా అని ఆటలు నడిపే కంపెనీ ఎప్పుడో తేల్చేసింది. ఈ కుస్తీలో గెలుపోటములు ముందే రాసి పెడతారు. ఈ రాత్రి రక్తి కట్టాలనే ఒనోదెరకి కూడా చిన్న గెలుపులు కొన్ని రాసిచ్చారు. మెడలు విరగడం మాత్రం ఎవరూ రాయరు, అది దానంతట అదే జరుగుతుంది.

వ్యాయామశాల వరండాలో పొడుగాటి బల్ల వేసుకుని ఒనోదెర భార్య మిసావో చొక్కాలూ ఫొటోలూ అమ్ముతోంది. టూర్లో రెజ్లర్ల పెళ్లాలకి దొరికే ఉద్యోగం అదొక్కటే. లోపల చిన్నవాళ్ల ఆటలు మొదలైపోయాయి. మనిషి దబ్బుమని పడ్డప్పుడల్లా వరండా కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

చేపల బజారు నుంచి రబ్బరు బూట్లతోనే వచ్చేసిన ముసలమ్మ ఒకతె బల్ల ముందు ఆగింది.

"ఏమ్మా, నువ్వేనా ఒనోదెర పెళ్లానివి? టీవీలో కన్నా సన్నగా ఉన్నావే!"

"నేను టీవీలో ఎప్పుడొచ్చానండీ?"

"రాలేదా? మరి ఎవర్ని చూసుంటాను నేను?" ముసలమ్మ తనే పగలబడి నవ్వింది. "ఏదైనా కానీ, మీ ఆయనంటే నాకు ప్రాణం. ఏళ్ల తరబడి చూస్తున్నా, పడటమే గానీ ఒక్క పెద్ద ఆట గెలవడం చూడలేదు. మా ఆయనా అంతే. ఓడెక్కితే తనే సముద్రంలో పడేవాడు, చేప మాత్రం పడేది కాదు."

"పోనీ పైకి లాగారు కదా?"

"లాగక చస్తామా? బీమా కూడా లేదాయె!" అంటూ ముసలమ్మ ఫోను తీసి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుంది. "ఇదిగో, సెందాయ్ ఆట మా కోడలు పంపింది. రింగు పక్కనే కూర్చున్నవాళ్లెవరో తీశార్ట. నాకు సరిగ్గా వినపడదు, గట్టిగా పెడతా ఉండు."

గట్టిగా పెట్టింది. జనం అరుపులు, బల్లలు చరిచే చప్పుడు. వాటి అడుగున, గోడ అవతలి నుంచి వచ్చినట్టు, మిసావోకి మొగుడి గొంతు వినిపించింది.

"మో దైజోబు."

చొక్కా మడత పెడుతున్న చెయ్యి ఆగిపోయింది.

"మళ్లీ పెట్టండమ్మా."

ముసలమ్మ మళ్లీ పెట్టింది. మిసావో బల్ల మీదికి వంగి, ఫోనుకి చెవి ఆనించింది. అదే మాట, అదే గొంతు. ఇంట్లో మూడోసారి అన్నం వడ్డించబోతే గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టి ఆయన అనే మాట అది.

ఈ ఒక్క మాట మీద ఇక్కడ సంసారాలు నడుస్తాయి, కంపెనీలు నడుస్తాయి, ఆసుపత్రులు నడుస్తాయి. 'దైజోబు' అంటే బాగానే ఉన్నాను, ఫర్వాలేదు అని. అదే మాటకి వద్దు, అక్కర్లేదు అనీ అర్థం. దాని ముందు 'మో' చేరిస్తే, ఇప్పుడు ఫర్వాలేదు అనైనా కావచ్చు, ఇక చాలు అనైనా కావచ్చు. ఏదో తేల్చేది వినేవాడు. వినేవాడు తనకి ఏది అనుకూలమో అదే వింటాడు. పని చేయించుకునేవాడికి ఇంతకన్నా లాభసాటి మాట లోకంలో ఇంకోటి లేదు.

"బల్ల కాస్త చూస్తూ ఉంటారా?" అని ముసలమ్మనే అడిగి, మిసావో లోపలికి నడిచింది.

జూడో నేర్పే పెద్ద చాపల గదిని ఆ రాత్రికి రెజ్లర్లకి ఇచ్చారు. గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని నుకాగా బూట్ల లేసులు బిగిస్తున్నాడు. ఒనోదెర కన్నా పెద్దవాడు. జుట్టు నెరిసినా రింగులో కుర్రాళ్లతో సమానంగా దొర్లుతాడు. ఒనోదెర పెళ్లికి సాక్షి సంతకం పెట్టింది ఆయనే.

"నుకాగా గారూ, సెందాయ్‌లో మా ఆయన మీతో ఏమన్నాడు?"

"ఏమిటమ్మా ఇప్పుడు? దైజోబు అన్నాడు."

"దాని ముందు ఇంకో ముక్క ఉంది."

"మో దైజోబు. ఇప్పుడు ఫర్వాలేదు, కానివ్వండి అని."

"కాదు. ఇక చాలు అని."

నుకాగా లేసులు వదిలేశాడు.

"ఆయనతో అన్నం తినేది నేను," అంది మిసావో. "ఫర్వాలేదు అనేటప్పుడు మాట పైకి లేస్తుంది. చాలు అనేటప్పుడు కిందికి దిగిపోతుంది. ఇప్పుడే ఎవరి ఫోనులోనో విన్నాను. ఆయన ఆపమన్నాడండీ మిమ్మల్ని. జన్మలో మొదటిసారి ఆపమని అడిగాడు, మీరు చెయ్యి ఊపారు."

"ఆ గోలలో నాకేం తెలుస్తుందమ్మా? చెయ్యి కూడా పట్టుకుని చూశానే! మా పద్ధతి అది. నేను నొక్కుతాను, బాగుంటే వాడు తిరిగి నొక్కుతాడు. నొక్కాడు."

"ఏ చెయ్యి?"

నుకాగా తన చేతులకేసి చూసుకున్నాడు, గుర్తు తెచ్చుకోవడానికి. "ఎడమది."

"కుడి చెయ్యి పట్టుకుని ఉంటే మీకే తెలిసేది. ఆ రాత్రి నుంచీ కుడి చేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. చాప్‌స్టిక్స్ జారిపోతున్నాయి. బస్సులో అందరూ నిద్రపోయాక నేను తినిపిస్తున్నాను. ఆ చేతి మీద వేడి టీ పడితే తెలియనే లేదు, చర్మం ఊడొచ్చాక చూశాడు."

నుకాగా మెట్టు మీంచి లేచాడు.

"మీరు రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితే ఆట ఆగిపోతుందటగా?"

"ఆగిపోతుంది. ఆ అధికారం నాకుంది."

"అయితే పెట్టండి."

"మొదలవకుండా ఎలా పెట్టనమ్మా? మొదలయ్యే ముందు ఆపాల్సింది కంపెనీ ప్రెసిడెంటు గారు. పద, ఇద్దరం వెళ్లి చెబుదాం."

వెళ్లారు. వ్యాయామశాల ఆఫీసు గదిలో ప్రెసిడెంటు సుగానుమా ఆ ఊరివాళ్లు పంపిన సెంబెయి పులుసు, గోధుమ బిళ్లలు వేసి కాచింది, తాగుతున్నాడు. ఈయన కూడా ఒకప్పుడు రెజ్లరే. మోకాలు పోయాక కోటు తొడిగాడు. కోటు తొడిగినవాడికి నొప్పులు గుర్తుండవు. మిసావో చెప్పిందంతా చెంచా కింద పెట్టి మరీ విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అలా వినేవాళ్లని చూస్తే భయపడాలి.

"నువ్వు చెప్పింది చాలా ముఖ్యమైన విషయం, మిసావో. మనిషి కన్నా ఆట ఎక్కువ కాదు. ఆయన వద్దంటే ఈ క్షణం ఆపేస్తా. పద, ఆయన్నే అడుగుదాం."

మిసావో మొహం వెలిగింది. నుకాగా మొహం వెలగలేదు. అడగడం అంటే ఏమిటో ఆయనకి తెలుసు.

చాపల గదిలో పదిహేను మంది ఉన్నారు. కొందరు బస్కీలు తీస్తున్నారు, కొందరు మోకాళ్లకి పట్టీలు చుట్టుకుంటున్నారు. ఒనోదెర ఓ మూల వెల్లకిలా పడుకుని, మెడ కింద తడి గుడ్డ పెట్టుకున్నాడు. దూరంగా గోడ దగ్గర కుదాకా మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒకినావా నుంచి చేతిసంచీతో వచ్చిన కుదాకాకి పడటం దగ్గర్నుంచి వంట దాకా నేర్పింది ఒనోదెరే. ఇవాళ అదే మెడని నేలకేసి కొట్టాల్సింది ఆ శిష్యుడే.

ప్రెసిడెంటు వచ్చి ఒనోదెర తల దగ్గర నిలబడ్డాడు. గదిలో కదలికలన్నీ ఆగిపోయాయి.

"ఒనోదెరా, మీ ఆవిడ కంగారు పడుతోంది. మెడ ఎలా ఉంది? దైజోబు కా?"

పదిహేను మంది చూస్తున్నారు. శిష్యుడు చూస్తున్నాడు. పెళ్లాం చూస్తోంది. కింద పడుకున్నవాణ్ణి పైన నిలబడి, అంతమంది ముందు అడిగితే ఎవడు చెబుతాడు నా వల్ల కాదని? అది అడగడం కాదు, నోరు నొక్కడం. ఏ కార్ఖానాలోనైనా చూడండి, వేలు తెగినవాణ్ణి మేనేజరు అందర్నీ పోగు చేసి అడుగుతాడు. వేలు తెగినవాడు నవ్వుతాడు.

ఒనోదెరా నవ్వాడు.

"దైజోబు."

"ఏ దైజోబు?" అంది మిసావో.

గది గొల్లుమంది. జోకు అనుకున్నారు. ఓ లావుపాటివాడు, "వదినా, ఇంట్లో కూడా ఇలాగే పరీక్ష పెడతావా?" అన్నాడు. ఇంకొకడు, "పాపం అన్న, రింగే నయం" అన్నాడు.

"బాగున్నాననే దైజోబు," అన్నాడు ఒనోదెర, నవ్వు చెదరకుండా. "వెళ్లు మిసావో. బల్ల దగ్గర ఎవరూ లేరేమో."

ప్రెసిడెంటు చేతులు చాచాడు. "విన్నారుగా." అంతే, వెళ్లిపోయాడు.

నవ్వులు సద్దుమణిగాక కుదాకా వచ్చి మిసావో వెనకాల నిలబడ్డాడు. "వదినా, నేను మెల్లగా వేస్తా. వీపు మీద పడేలా చూస్తా."

"వినపడిందిరోయ్," అన్నాడు ఒనోదెర, కళ్లు మూసుకునే. "మెల్లగా వేశావో, నిన్ను నేనే చంపుతా. నిన్ను ఫైనల్‌కి పంపేది నా మెడరా. పువ్వులా దించితే జనం నమ్ముతారా? నిన్ను జనం నమ్మకపోతే నేనిన్నాళ్లు పడిందంతా దేనికి?"

కుదాకా తల వంచాడు. మిసావో ఇద్దర్నీ చూసింది. ఒకడు చావడానికి సిద్ధంగా ఉన్నాడు, ఇంకొకడు చంపాల్సి వస్తోందని ఏడుస్తున్నాడు, ఇద్దరి మధ్యా ఆపడానికి ఒక్క మాట కూడా లేదు. బయటికి వచ్చేసింది గానీ బల్ల దగ్గరికి వెళ్లలేదు. రెజ్లర్లు రింగుకి నడిచి వెళ్లే దారిలో నల్ల తెర వెనక నిలబడింది. అక్కడ పెళ్లాలు నిలబడకూడదు. ఆ రాత్రి ఆమెని పొమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పేర్లు చదివారు. ఒనోదెర పేరు చదవగానే హాలు నాలుగు వైపుల నుంచీ రంగు కాగితాల చుట్టలు విప్పుకుంటూ వచ్చి రింగులో పడ్డాయి. ఎర్రవీ, పసుపువీ, అతని భుజాల మీద, తల మీద. అవి ఏరి పారేసేదాకా అతను కదలకుండా నిలబడ్డాడు. దండలేసిన ఫొటోలో మనిషిలా ఉన్నాడని మిసావోకి అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు చెంప మీద తనే కొట్టుకుంది.

గంట మోగింది.

మొదట్లో అంతా సజావుగానే సాగింది. పాతికేళ్లు పడ్డవాడికి పడటం వచ్చు. గడ్డం రొమ్ముకి నొక్కి, రెండు చేతులూ నేలకేసి చరిచి, వెన్నంతా పరుపులా పరిచి పడతాడు. కానీ ఇవాళ ఒనోదెర చరుస్తున్నది ఒక్క చేత్తోనే. కుడి చెయ్యి చచ్చిన చేపలా ఆలస్యంగా వచ్చి నేలకి తగులుతోంది. జనానికి కనపడదు. టికెట్టు కొన్నవాడు చూసేది పడటాన్నే, ఎలా పడ్డాడో చూడడు. నుకాగాకి కనపడుతోంది. కుదాకాకి కనపడుతోంది. తెర సందులోంచి మిసావోకి కూడా.

కుదాకా భుజం మీదికి ఎత్తి ఒకసారి వేశాడు. అది ఇంకా అసలుది కాదు, మామూలుదే. ఒనోదెర లేవలేదు.

నుకాగా పరుగున వచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఈసారి కుడి చెయ్యి పట్టుకున్నాడు. నొక్కాడు. ఏమీ లేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. చల్లగా, మెత్తగా, ఎవరిదో చెయ్యిలా ఉంది.

"ఒనోదెరా, నా చెయ్యి నొక్కు."

"నొక్కుతున్నానుగా," అన్నాడు ఒనోదెర.

నుకాగా లేచాడు. రెండు చేతులూ పైకెత్తాడు. వాటిని తల మీద అడ్డంగా కలపబోతుంటే ఒనోదెర ఎడమ చెయ్యి వచ్చి అతని ప్యాంటు పట్టుకుంది. పట్టుకుని, దాని ఆసరాతోనే పైకి లేస్తూ, జనానికి లేస్తున్నట్టు కనపడేలా, పళ్ల మధ్యనుంచి అన్నాడు.

"చేతులు దించు. మా కుర్రాడి ఆట పాడు చేశావంటే చచ్చేదాకా నీతో మాట్లాడను."

"చచ్చేది ఎప్పుడో కాదురా, ఇప్పుడే!"

"అయితే ఎక్కువ కాలం మాట్లాడకుండా ఉండక్కర్లేదు. దించు."

నుకాగా చేతులు గాల్లో ఆగాయి. ఒక్క అంగుళం దగ్గరికి జరిపితే చాలు. చిన్న పని. పసిపిల్లలు కూడా చెయ్యగలరు. ఆయన చెయ్యలేకపోయాడు. పాతికేళ్ల స్నేహం అడ్డం వచ్చింది. ఆ చేతుల్నే ఊపి, ఆట సాగుతోందన్నట్టు చూపించాడు. జనం ఒనోదెర పేరుతో హాలు దద్దరిల్లేలా అరిచారు.

ఇక అసలుది. తలకిందులుగా పైకెత్తి, మెడా భుజాలూ ముందు నేలకి తగిలేలా వెనక్కి విరుచుకు పడటం. కుదాకా పేరు మోగింది ఆ వేటుతోనే. అది కూడా ఒనోదెర నేర్పిందే. కుదాకా వంగి, గురువు నడుం చుట్టూ చేతులు బిగించాడు.

ఎత్తలేదు.

"ఎత్తరా."

"నా వల్ల కావడం లేదన్నా."

"ఏం, బరువెక్కానా?"

"అన్నా, నీ కుడి చెయ్యి ఊగుతోంది."

"ఊగనీ. ఎత్తరా వెధవా. ఊరంతా చూస్తోంది."

జనంలో సణుగుడు మొదలైంది. ఎవడో వెనక నుంచి, "నిద్రపోయారా? చాపలు తెమ్మంటారా?" అని అరిచాడు. నవ్వులు. కుదాకా చేతులు వదిలేశాడు. రింగు నడిమధ్యలో ఉత్త చేతులతో నిలబడిపోయాడు. ఒనోదెరకి కోపం నషాళానికి అంటింది. ఎడమ మోచేత్తో కుదాకా దవడ మీద కొట్టాడు. నిజంగానే కొట్టాడు. బాగున్న చేత్తో కొట్టిన దెబ్బ అదొక్కటే.

కుదాకా పడ్డాడు. దెబ్బకి పడ్డాడా, పడాలని పడ్డాడా, చూసినవాళ్లకి తెలియదు. కొట్టిన ఊపుకి ఒనోదెర కూడా తూలి అతని మీదే అడ్డంగా కూలబడ్డాడు.

కింద ఉన్నవాడి రెండు భుజాలూ నేలకి ఆనుకుంటే రిఫరీ మూడు దాకా లెక్కపెట్టాలి, అప్పటికీ లేవకపోతే వాడు ఓడిపోయినట్టే. నుకాగా పొట్ట మీద పడి నేలని చరిచాడు. ఒకటి.

ఇప్పుడు కుదాకా భుజం లేపాలి. ఎప్పుడూ లేపుతాడు. లేపమనే రాసి ఉంది.

రెండు.

కుదాకా కళ్లు తెరిచే ఉన్నాయి. నుకాగా కళ్లలోకే చూస్తున్నాయి. భుజం లేవలేదు. అప్పుడు నుకాగాకి అర్థమైంది. ఈ కుర్రవాడు లేవడు. ఇక్కడే ఓడిపోతాడు. ఓడిపోతే ఆట ముగుస్తుంది, ఆట ముగిస్తే ఆ మెడ ఇవాళ్టికి నేలకి తగలదు. చెయ్యి పైకెత్తాడు. ఆపడం చేతకాని ఆ చేతికి లెక్కపెట్టడం మాత్రం చేతనవును. ఉన్న బలమంతా పెట్టి నేలని చరిచాడు.

మూడు.

గంట మోగింది. హాలు మొత్తం కప్పు ఎగిరిపోయేలా అరిచింది. పరిచయం లేనివాళ్లు కౌగిలించుకుంటున్నారు. రబ్బరు బూట్ల ముసలమ్మ బల్లనీ చొక్కాలనీ వదిలేసి ఎప్పుడు లోపలికి వచ్చిందో, కుర్చీ ఎక్కి, "గెలిచాడే! బతికుండగా చూశానే!" అని ఏడుస్తోంది.

తెర వెనక మిసావో కింద కూర్చుండిపోయింది. అయిపోయింది. ఈ రాత్రికి అయిపోయింది. రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. హచినోహెలోనే చూపించాలి, తోక్యో దాకా ఆగకూడదు. ఏ బస్సు, ఏ గంటకి అని లెక్కలు వేసుకుంటూ ఉంది. అప్పుడు మైకులో గొంతు వినిపించింది.

"ఈ గెలుపుతో లీగులో మొదటి స్థానం ఒనోదెర గాకుది! ఆదివారం తోక్యోలో ఫైనల్ ఆడేది ఒనోదెర గాకు!"

రింగులో బోర్లా తిరిగి పడుకున్న కుదాకా తల పైకెత్తాడు. నుకాగా ఉన్నచోటే మోకాళ్ల మీద ఉండిపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పాయింట్లు వాళ్లకి తెలియనివి కావు. పొద్దున్నుంచీ గోడ మీద పెద్ద అక్షరాలతో ఉన్నాయి. కానీ ఒనోదెర ఫైనల్ ఆడటం అనేది ఇన్నేళ్లలో ఏ ఒక్కరి బుర్రలోకీ రాలేదు. ఒనోదెర అంటే ఇంకొకణ్ణి ఫైనల్‌కి పంపే మనిషి. ఆ అలవాటే వాళ్ల కళ్లు కప్పింది. ఒక వేటు తప్పించబోయి ఇద్దరూ కలిసి అతన్ని త్సుకినోకి చేతుల్లో పెట్టారు. అవతలి లీగులో నెగ్గి తోక్యోలో కూర్చున్న త్సుకినోకి, ఎత్తిన మనిషిని మెల్లగా దించడం ఎరగడు.

మిసావో తెర సందులోంచి మొగుణ్ణి చూసింది. ఇప్పుడు చెబుతాడు, అనుకుంది. ఇప్పుడింక ఎవరికోసం పడాలి? కుర్రాడి ఫైనల్ పోయింది. మెడ బాగాలేదు, ఆదివారం నా బదులు కుదాకా ఆడతాడు అని చెప్పేస్తే చాలు. అలా చెబితే ఎవరూ తప్పు పట్టరు.

ఒనోదెర తాళ్లు పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ చూస్తున్నాడు. ఇన్నేళ్లలో ఈ జనం అతని పేరు అరిచారు, కానీ పడ్డందుకు అరిచారు. నిలబడినందుకు ఇలా అరవడం ఇదే మొదలు. అతని మొహంలోకి ఏదో వచ్చింది. పెళ్లిచూపుల రోజున మిసావో చూసిన మొహం అది. ఆ తరువాత ఎక్కడ పారేసుకున్నాడో మళ్లీ కనపడలేదు. ఇన్నాళ్లకి తిరిగొచ్చిన ఆ మొహాన్ని చూసి ఆమెకి ఒళ్లంతా చల్లబడిపోయింది.

ఎవరో ఎడమ చేతికి మైకు ఇచ్చారు.

"నేను..." అన్నాడు ఒనోదెర. మైకుని నోటికి దగ్గరగా జరుపుకున్నాడు. "నేను ఆదివారం గెలుస్తా."

సెందాయ్‌లో చాలు అన్న మనిషి అతనే. అతను మారిపోయాడు. ఆపమని వేడుకునే మనిషి ఇంతవరకూ అతని లోపల ఒకడైనా ఉన్నాడు. ఇప్పుడు ఆ మనిషీ లేడు.

కుదాకా రింగు దిగి, దవడ పట్టుకుని తెర వెనక్కి వచ్చాడు. మిసావోని చూడగానే మోకాళ్ల మీద పడి నుదురు నేలకి ఆనించాడు.

"వదినా, నేనే చేశా. నేనే పంపేశా. నాకు బుర్ర లేదు వదినా."

"లేరా."

"ఆయన్ని కాపాడదామనే..."

"తెలుసురా. లే. నిన్ను తిట్టే ఓపిక కూడా నాకు లేదు."

కుదాకా లేవలేదు. తల మాత్రం ఎత్తాడు. ఏడుపు మధ్యలో మాట గట్టిపడింది. "వదినా, ఒకటుంది. ఆదివారం నాకు ఆట లేదు. అన్న మూలలో తోడుగా నిలబడేది నేనే, శిష్యుణ్ణి కదా. మూలన ఉన్నవాడి చేతిలో తువ్వాలు ఉంటుంది. దాన్ని రింగులోకి విసిరితే ఆట ఆగిపోవాల్సిందే. ఆయన ఒప్పుకోనక్కర్లేదు, రిఫరీ ఒప్పుకోనక్కర్లేదు, ఎవర్నీ ఏదీ అడగక్కర్లేదు. మొదటిసారి మెడ మీద పడగానే విసిరేస్తా. ఆయన జన్మలో నా మొహం చూడకపోయినా సరే. ఒట్టు వదినా."

అడగక్కర్లేదు. ఆ రాత్రి మిసావో విన్న మాటలన్నిటిలోకీ మంచి మాట అదే. వంగి కుదాకా భుజాలు పట్టుకుంది. "నిజంగా విసురుతావా? ఆయన వద్దని అరిచినా?"

"అరిచినా విసురుతా."

"నా వైపు చూడకు అప్పుడు. ఆయన వైపూ చూడకు. విసిరెయ్యి."

అప్పుడే మైకులో ఇంకో గొంతు వచ్చింది. మిసావో తెర పక్కకి తీసింది. ప్రెసిడెంటు సుగానుమా కోటుతోనే రింగు ఎక్కి, ఒనోదెర భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చూపు మాత్రం జనం మీద లేదు. వాళ్ల తలల మీదుగా నల్ల తెర వైపు, సరిగ్గా మిసావో నిలబడ్డ సందు వైపు ఉంది.

"ఇన్నేళ్లు మన కంపెనీని తన వీపు మీద మోసిన మనిషి ఈయన. ఆదివారం ఈయన్ని ఒంటరిగా పంపుతానా?" గొంతులో తడి కూడా తెచ్చాడు. "ఆదివారం ఒనోదెర మూలలో నిలబడేది శిష్యుడు కాదు, ఇంకెవరూ కాదు. నేను!"

జనం పిచ్చెక్కినట్టు చప్పట్లు కొట్టారు. ఒనోదెర కళ్లు తుడుచుకుంటూ ప్రెసిడెంటుకి వంగి దండం పెట్టాడు.

రింగు మూల తాడు మీద తెల్లటి తువ్వాలు ఒకటి వేలాడుతోంది. సుగానుమా నడిచి వెళ్లి దాన్ని తీసుకున్నాడు. అందరికీ కనపడేలా ఒకసారి పైకెత్తి చూపించాడు. నాలుగు మడతలు పెట్టి, కోటు లోపలి జేబులో పెట్టుకుని, బొత్తాం పెట్టేశాడు.